తెగింది లైనా, పేరా?

ఇంటి నుంచి ఆఫీసు పని చేసేవాళ్ల నోట తరచూ వినిపించే ఫిర్యాదు ఒకటుంది: ‘వీపీఎన్ కట్టయింది, దాంతోపాటు నెట్ కూడా పోయింది.’ ఇందులో మొదటి సగం నిజం. రెండో సగం చాలాసార్లు నిజం కాదు. వైఫై ఉంటుంది, అదే వైఫై మీద ఇంట్లో మిగతావాళ్ల ఫోన్లు హాయిగా నడుస్తుంటాయి. ఆ ఒక్క లాప్‌టాప్‌లో వెబ్‌సైట్ పేరును అంకెల చిరునామాగా మార్చే ఏర్పాటు మాత్రం పనిచేయడం మానేస్తుంది. లైను పోవడమూ పేరు దొరకకపోవడమూ వేర్వేరు జబ్బులు. వాటిని విడదీసి చూడనంతకాలం రౌటర్ రీసెట్ చేయడం, నెట్ కంపెనీకి ఫోన్ చేయడం, వీపీఎన్ సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఎక్కించడం లాంటి చాకిరీ తప్పదు.

పేరు ఇస్తే అంకె చెప్పే ఈ వ్యవస్థే డీఎన్‌ఎస్. 1983లో పాల్ మోకపెట్రిస్ దీన్ని రూపొందించాడు. మామూలు రోజుల్లో మన కంప్యూటర్ ఈ ప్రశ్నను ఇంటి రౌటర్‌నో, నెట్ కంపెనీ సర్వర్‌నో అడుగుతుంది. వీపీఎన్ కలవగానే రెండు మార్పులు జరుగుతాయి. ఆఫీసుకు వెళ్లే డేటాకు కొత్త దారి పడుతుంది. పేర్లు ఎవరిని అడగాలన్నదీ మారుతుంది, ఎందుకంటే ఆఫీసు లోపలి సర్వర్ల పేర్లు ఆఫీసు డీఎన్‌ఎస్‌కు తప్ప బయటి ప్రపంచానికి తెలియవు. డిస్‌కనెక్ట్ నొక్కి పద్ధతిగా బయటికొస్తే సాఫ్ట్‌వేర్ పాత అమరికను తిరిగి పెట్టేస్తుంది. కానీ లాప్‌టాప్ మూత దించేసినా, వైఫై నుంచి ఫోన్ హాట్‌స్పాట్‌కు మారినా, ప్రోగ్రామే కుప్పకూలినా ఆ సర్దుబాటు ఒక్కోసారి జరగదు. అప్పుడు కంప్యూటర్ ఆఫీసు లోపలి సర్వర్‌నే అడుగుతూ కూర్చుంటుంది. వీపీఎన్ లేనిదే ఆ సర్వర్ అందదు. ప్రశ్న వెళ్తుంది, జవాబు రాదు, బ్రౌజర్ ‘సైట్ దొరకలేదు’ అంటుంది.

ఇది తేల్చుకోవడానికి ఒక నిమిషం చాలు. కమాండ్ ప్రాంప్ట్‌లో గూగుల్ డీఎన్‌ఎస్ సర్వర్ చిరునామా అయిన 8.8.8.8కు పింగ్ కొట్టి, ఆ తర్వాత ఏదైనా సైటు పేరుకు కొట్టాలి. అంకెకు జవాబొచ్చి, పేరు మాత్రం దొరకలేదని వస్తే లైను బాగున్నట్టే, దోషం డీఎన్‌ఎస్‌ది. రెండూ పలకకపోతే లైనునో, వీపీఎన్ వదిలిపోయిన దారులనో అనుమానించాలి. వీపీఎన్ తెగితే మొత్తం నెట్‌ను కావాలనే ఆపేసే కిల్ స్విచ్ కూడా కారణం కావచ్చు. అది లోపం కాదు, డేటా బయటపడకుండా వేసిన కాపలా. డీఎన్‌ఎస్ దోషమేనని తేలాక విండోస్‌లో ‘ఐపీకాన్ఫిగ్ /ఆల్’, లినక్స్‌లో ‘రిజాల్వ్‌సీటీఎల్ స్టేటస్’ అనే కమాండ్లు ఇప్పుడు ఏ సర్వర్‌ను అడుగుతున్నామో చూపిస్తాయి. వీపీఎన్ ఆపి ఉన్నా అక్కడ ఆఫీసు అంకె కనిపిస్తే దొంగ దొరికినట్టే. వీపీఎన్ మళ్లీ కలిపి పద్ధతిగా విడదీయడం, లేదా డీఎన్‌ఎస్‌ను ఆటోమేటిక్‌కు మార్చడం దీనికి మందు. అందరూ ముందుగా చెప్పే ‘ఫ్లష్ డీఎన్‌ఎస్’ ఇక్కడ అంతగా పనికిరాదు. అది దాచుకున్న పాత జవాబులను చెరిపేస్తుందే గానీ, ఎవరిని అడగాలన్నదాన్ని మార్చదు.

‘ఇంత ఎందుకు, రీస్టార్ట్ చేస్తే పోతుందిగా’ అంటారు. చాలాసార్లు పోతుంది కూడా. అయితే దాంతోపాటు ఆధారమూ పోతుంది, కాబట్టి రేపు మళ్లీ వచ్చినప్పుడు కారణం నిన్నటంత చీకట్లోనే ఉంటుంది. ‘డీఎన్‌ఎస్‌లో శాశ్వతంగా 8.8.8.8 పెట్టేసుకోండి’ అన్న సలహా ఇంకా ప్రమాదం. బయటి సైట్లు తెరుచుకుంటాయి గనక సమస్య తీరినట్టు కనిపిస్తుంది. వీపీఎన్ కలిపాక ఆ అమరికే పైచేయి అయితే ఆఫీసు లోపలి పేర్లు గూగుల్ సర్వర్‌కు వెళ్తాయి. అక్కడ వాటికి జవాబు ఉండదు. పైగా సంస్థ లోపల ఏయే సర్వర్లున్నాయో బయటివాళ్లకు చెప్పినట్టవుతుంది. సంస్థ పేర్లు సంస్థ సర్వర్‌కు, మిగతావి మామూలు దారిన వెళ్లేలా అమర్చడమే సరైన పద్ధతి. ఆ పని ఐటీ విభాగానిది.

పేర్లు బాగానే దొరుకుతూ వీపీఎన్ పదేపదే తెగితే కథ వేరు. కాసేపు ఏమీ టైప్ చేయకుండా ఊరుకున్నాకే తెగుతోందా అని గమనించాలి. నిశ్శబ్దంగా ఉన్న కనెక్షన్‌ను రౌటర్ తన పట్టికలోంచి తీసేస్తుంది. యూడీపీ రకం వాటిని కనీసం 2 నిమిషాలు ఉంచాలని 2007 నాటి ప్రమాణం చెబుతున్నా, అర నిమిషానికే మరిచిపోయే రౌటర్లున్నాయి. అందుకే వైర్‌గార్డ్ అనే వీపీఎన్ వాడేవాళ్లకు 25 సెకన్లకోసారి చిన్న పలకరింపు పంపే అమరికను సూచిస్తారు.

ఇక అన్నిటికన్నా తికమక పెట్టేది సగం పనిచేసే వీపీఎన్. చాట్ వెళ్తుంది, పెద్ద ఫైలు మాత్రం కదలదు. వీపీఎన్ ప్రతి ప్యాకెట్‌నూ కవరులోని ఉత్తరాన్ని మరో కవరులో పెట్టినట్టు చుట్టి పంపుతుంది, పరిమాణం పెరుగుతుంది. వైర్‌గార్డ్ మామూలుగా లోపలి ప్యాకెట్‌ను 1420 బైట్లకు పరిమితం చేస్తుంది. ఐపీవీ6 మీద దానికి 80 బైట్లు కలిస్తే 1500. బీఎస్ఎన్ఎల్ ఫైబర్ లాంటి, పీపీపీఓఈ లాగిన్‌తో నడిచే లైన్లలో సాధారణ హద్దు 1492. ఎనిమిది బైట్ల తేడాతో పెద్ద ప్యాకెట్లు దారిలో ఆగిపోతాయి. ‘పెద్దదైంది’ అన్న కబురును మధ్యలో ఏ ఫైర్‌వాలో అడ్డుకుంటే పంపినవాడికి సంగతే తెలియదు. వీపీఎన్ అమరికలో ఎంటీయూను, అంటే లోపలి ప్యాకెట్ గరిష్ఠ పరిమాణాన్ని, 1400కు దించి చూస్తే విషయం తేలిపోతుంది.

ఇదంతా హెల్ప్‌డెస్క్ పని కదా అనే అభ్యంతరంలో న్యాయముంది. కంపెనీ లాప్‌టాప్‌లలో చాలా అమరికలు మార్చే హక్కు ఉద్యోగికి ఉండదు, ఉండకూడదు కూడా. కానీ పరీక్షించడానికి ఆ హక్కు అక్కర్లేదు. ‘నెట్ రావట్లేదు’ అని పెట్టిన టికెట్ ముగ్గురి చేతులు మారుతుంది. ‘వీపీఎన్ ఆపి ఉంది, 8.8.8.8 పలుకుతోంది, పేర్లు దొరకట్లేదు, డీఎన్‌ఎస్‌లో ఇంకా ఆఫీసు సర్వరే ఉంది, మూత దించి తెరిచాక మొదలైంది’ అని రాస్తే అది నేరుగా నెట్‌వర్క్ చూసేవాళ్ల దగ్గరికి చేరుతుంది. అదే ఫిర్యాదు పదిమంది నుంచి అదే వివరంతో వస్తే, తప్పు ఉద్యోగుల ఇళ్లలో కాదు, తాము పంచిన సాఫ్ట్‌వేర్‌లోనే ఉందని వాళ్లకూ అర్థమవుతుంది.