వార్తల్లో పదం: నెక్ లైపోసక్షన్

సౌందర్య చికిత్సల వార్తల్లో తరచుగా కనిపిస్తున్న నెక్ లైపోసక్షన్ అంటే, మెడ ముందు భాగంలో చర్మానికీ, ప్లాటిస్మా అనే పలుచని కండర పొరకూ మధ్య పేరుకున్న కొవ్వును సన్నని గొట్టంతో పీల్చి తీసే శస్త్రచికిత్స.

ముందుగా సెలైన్‌లో, నొప్పి తెలియనివ్వని లిడోకైన్‌ను, రక్తనాళాలను కుదించి రక్తస్రావాన్ని తగ్గించే అడ్రినలిన్‌ను కలిపి కొవ్వు పొరలోకి ఎక్కిస్తారు. అమెరికా చర్మవైద్యుడు జెఫ్రీ క్లైన్ 1980వ దశకంలో రూపొందించిన ఈ ‘ట్యూమెసెంట్’ పద్ధతి వల్ల, పూర్తి మత్తు ఇవ్వకుండానే లైపోసక్షన్ చేయడం సాధ్యమైంది. ఆ తరువాత గడ్డం కింద, అవసరమైతే చెవుల వెనుక, కొన్ని మిల్లీమీటర్ల గాట్లు పెట్టి, కాన్యులా అనే గొట్టంతో కొవ్వును లాగివేస్తారు.

చాలామంది అదే రోజు ఇంటికి వెళ్లగలిగినా, వాపు, కమిలిన మచ్చలు, తిమ్మిరి కొన్నాళ్లు ఉంటాయి. మెడకు బిగుతు పట్టీ ధరించాలి. తుది రూపం తేలడానికి కొన్ని నెలలు పడుతుంది. రక్తం గూడుకట్టడం, ఇన్‌ఫెక్షన్, చర్మం ఎగుడుదిగుడు కావడం, దవడ అంచు నరం దెబ్బతిని కింది పెదవి తాత్కాలికంగా వంకరపోవడం ఇందులోని ప్రమాదాలు.

ఇది కొవ్వును తీస్తుందే గాని, వయసుతో వేలాడే చర్మాన్ని బిగించదు. దానికి నెక్ లిఫ్ట్ అనే వేరే శస్త్రచికిత్స ఉంది. అందువల్ల తన సమస్య కొవ్వుదా, చర్మానిదా అన్నది అర్హత గల ప్లాస్టిక్ సర్జన్ వద్ద ముందే తేల్చుకోవడం ఈ చికిత్స కోరుకునే ప్రతి వ్యక్తికీ చాలా అవసరం.