ఎఫ్‌సి ఒక్కరోజు – బాధ్యత ప్రతిరోజూ

“బండికి ఎఫ్‌సి అయిపోయింది, ఇంక ఏడాది దాకా దిగులు లేదు” అనే మాట లారీలున్న ఊళ్లలో తరచుగా వినిపిస్తుంది. ఇందులో సగమే నిజం. ఏడాది దాకా రవాణా శాఖ కార్యాలయానికి మళ్లీ వెళ్లే పని ఉండకపోవచ్చు. కానీ బ్రేకులకు, టైర్లకు, స్టీరింగుకు క్యాలెండరు తెలియదు. సోమవారం పరీక్షలో నెగ్గిన బండికి గురువారం గాలి పైపు పగలవచ్చు. అప్పుడు చేతిలో ఉన్న కాగితం బండిని ఆపలేదు.

ఈ విషయం మనకెందుకు అనుకోకండి. హాస్టలు దరఖాస్తులో తండ్రి వృత్తి అన్న చోట డ్రైవరు, క్లీనరు, హమాలీ, కూలి అని రాసినవాళ్లం మనలో చాలామందిమి ఉన్నాం. బండి చెడిపోతే ముందు దెబ్బ తగిలేది వాళ్లకే. ప్రమాదం జరిగితే ముందు పోలీసు స్టేషనుకు వెళ్లేదీ వాళ్లే. కాబట్టి బండి మంచిచెడ్డలకు ఎవరు జవాబుదారీయో మనం తెలుసుకోవాలి.

ఎఫ్‌సి అంటే ఏమిటి?

ఎఫ్‌సి అంటే బండి రోడ్డు మీద తిరగడానికి యోగ్యంగా ఉందని ఇచ్చే ధ్రువపత్రం. మోటారు వాహనాల చట్టం, 1988లోని 56వ సెక్షను దీని గురించి చెబుతుంది. ఈ పత్రం లేని రవాణా వాహనానికి రిజిస్ట్రేషను ఉన్నా లేనట్టే లెక్క. కొత్త బండికి మొదట రెండేళ్లకు ఇస్తారు. 2018లో నియమాలు సవరించిన తర్వాత, ఎనిమిదేళ్ల లోపు బండికి రెండేళ్లకొకసారి, ఎనిమిదేళ్లు దాటిన బండికి ఏటా చేయించాలి.

పరీక్షలో బ్రేకులు, స్టీరింగు, కమాన్ కట్టలు, టైర్లు, లైట్లు, హారను, వైపరు, వెనక రిఫ్లెక్టర్లు, పొగ మొదలైనవి చూస్తారు. లారీ టైరు గాడి లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలి. చాలాకాలం ఈ పరీక్షను మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు స్వయంగా చూసి, నడిపించి చేసేవారు. మనవాళ్లు ఆయన్నే బ్రేకు ఇన్‌స్పెక్టరు అంటారు. యంత్రాలతో పరీక్షించే ఆటోమేటిక్ టెస్టింగు కేంద్రాల కోసం కేంద్ర ప్రభుత్వం 2021లో నియమాలు తెచ్చింది. ఈ కేంద్రాల్లో చక్రాలను రోలర్ల మీద తిప్పి ఏ చక్రానికి బ్రేకు ఎంత పడుతోందో కొలుస్తారు.

మనిషి చూసినా, యంత్రం చూసినా తెలిసేది ఆ రోజు సంగతే. మంచి టైర్లు బిగించి పాసయి, మర్నాడే అరిగిన టైర్లు తగిలిస్తే ఆ పరీక్షకు అర్థం లేదు. అందుకే బండి నియమాల ప్రకారం లేదని తేలితే కారణాలు రాసి ఎఫ్‌సిని గడువుకు ముందే రద్దు చేసే అధికారం కూడా అదే 56వ సెక్షనులో ఉంది.

బాధ్యత ఎవరిది?

దీనికి జవాబు 190వ సెక్షనులో ఉంది. ప్రమాదకరమైన లోపం ఉన్న బండిని నడిపినవాడే కాదు, నడిపించినవాడు, నడపనిచ్చినవాడు కూడా శిక్షార్హుడే. అంటే డ్రైవరుతో పాటు యజమాని కూడా. “ఆ లోపం నాకు తెలియదు” అంటే సరిపోదు. మామూలు జాగ్రత్తతో చూసుకుంటే తెలిసిపోయే లోపమైతే, తెలిసినట్టే చట్టం భావిస్తుంది.

2019 సవరణ ప్రకారం ఈ తప్పుకు 1,500 రూపాయల దాకా జరిమానా. ఆ లోపం వల్ల ప్రమాదం జరిగి ఎవరికైనా గాయమైతే, ఆస్తి నష్టం జరిగితే మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మళ్లీ అదే తప్పు చేస్తే ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా.

మనిషి చనిపోతే మాత్రం సాధారణంగా మొదటి కేసు డ్రైవరు మీదే నమోదవుతుంది. నిర్లక్ష్యంతో మరణానికి కారణమయ్యాడనే ఈ కేసు పూర్వం 304-ఎ సెక్షను కింద ఉండేది. 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహితలోని 106వ సెక్షను కింద పెడుతున్నారు. లైనర్లు మార్పించమని నెలరోజులుగా మొత్తుకున్న డ్రైవరు దగ్గర ఆ మాటకు ఆధారం లేకపోతే ఆయన గోడు ఎవరు వింటారు?

ఇంగ్లండులో ఒక తీర్పు

ఇదే ప్రశ్న ఇంగ్లండులో ఒక కోర్టు ముందుకు వచ్చింది. 2015 ఫిబ్రవరి 9న బాత్ అనే పట్టణంలో నిటారైన వాలు దిగుతున్న టిప్పరు అదుపు తప్పింది. నాలుగేళ్ల పాప, కారులో ఉన్న ముగ్గురు మనుషులు చనిపోయారు. టిప్పరు బ్రేకులు బాగా చెడిపోయి ఉన్నాయని విచారణలో తేలింది. నడిపిన కుర్రవాడికి అప్పుడు 19 ఏళ్లు. కోర్టు అతన్ని నిర్దోషిగా వదిలింది. 2017 జనవరిలో ఆ రవాణా సంస్థ యజమానికి ఏడున్నర ఏళ్లు, మెకానిక్కుకు ఐదేళ్ల మూడు నెలలు జైలుశిక్ష పడింది.

ఆ దేశంలో లారీలు తిప్పి వ్యాపారం చేయాలంటే బండి కాగితాలతో పాటు యజమానికి ఆపరేటరు లైసెన్సు కూడా ఉండాలి. బండ్లను ఎప్పుడూ మంచి స్థితిలో ఉంచుతానని అతను ముందే హామీ ఇవ్వాలి. ఏటా జరిగే పరీక్ష గాక, మధ్యలో కొన్ని వారాలకొకసారి బండిని తనిఖీ చేయించాలి. డ్రైవరు బయలుదేరే ముందు బండి చుట్టూ తిరిగి చూసి, లోపముంటే రాసివ్వాలి. ఆ కాగితాలను కనీసం 15 నెలలు దాచాలి. మాట తప్పితే లైసెన్సు పోతుంది. మనకు ఇలాంటి ఆపరేటరు లైసెన్సు పద్ధతి లేదు. కానీ చూసి రాసిపెట్టే అలవాటుకు ఏ చట్టమూ అడ్డు రాదు.

ట్రైలరూ వాహనమే

ముందు ఇంజను బండిని చూసి, వెనక ట్రైలరును వదిలేయడం మనవాళ్లకు అలవాటు. చట్టం దృష్టిలో ట్రైలరు కూడా మోటారు వాహనమే. దానికీ రిజిస్ట్రేషను ఉండాలి. 190వ సెక్షనులో ట్రైలరు పేరు విడిగా ఉంది. పొలం పనికి తిప్పే ట్రాక్టరు ట్రక్కు అయినా రోడ్డెక్కితే ఆ సెక్షను వర్తిస్తుంది.

దీనికి కారణం ఉంది. ముందు బండికి బ్రేకు పడి, వెనకదానికి పడకపోతే ఆ బరువంతా ముందుకు తోస్తుంది. అప్పుడు బండి అడ్డం తిరుగుతుంది. ట్రాక్టరుకు ట్రక్కును కలిపే పిన్ను అరిగి ఊడితే వెనక కూర్చున్న కూలీల గతి ఏమిటి? రాత్రిపూట రిఫ్లెక్టరు లేకుండా రోడ్డు పక్కన ఆపిన ట్రక్కు, వెనక వచ్చే మోటారు సైకిలుకు కనబడదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు పోతుంది. కనబడేసరికే ఆలస్యమైపోతుంది.

పది నిమిషాల పని

బయలుదేరే ముందు పది నిమిషాలు చాలు. టైర్లలో గాలి, గాడులు, పగుళ్లు చూడాలి. వీల్ నట్లు బిగువుగా ఉన్నాయో లేదో చూడాలి. ఇంజను ఆపి బ్రేకు తొక్కి పట్టుకుని గాలి మీటరు ముల్లును గమనించాలి. అది దిగిపోతూ ఉంటే ఎక్కడో గాలి లీకవుతోందన్న మాట. ముందు, వెనక లైట్లన్నీ వేసి చూడాలి. ట్రైలరు ఉంటే పిన్ను, గాలి పైపులు, కరెంటు వైరు చూడాలి. మొగిలి ఘాట్, శ్రీశైలం ఘాట్ వంటి చోట్ల దిగేటప్పుడు బ్రేకు మీదే ఆధారపడితే డ్రమ్ములు వేడెక్కి పట్టు తప్పుతాయి. తక్కువ గేరులో దిగాలి. ఓవర్‌లోడు ఉన్న బండికి ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ.

లోపం కనబడితే తేదీ వేసి నోటుపుస్తకంలో రాయాలి. యజమానికి చెప్పి, బాగు చేయించిన తేదీ కూడా రాయాలి. ఒకే లారీని ఫైనాన్సు మీద కొని తానే నడుపుకునే చిన్న యజమానికి డ్రైవరు బాధ్యత, యజమాని బాధ్యత రెండూ తనవే. వాయిదా కట్టాలన్న తొందరలో లైనర్లు వాయిదా వేస్తే, బండి, వాయిదాలు, కుటుంబం అన్నీ ఒకేసారి చిక్కుల్లో పడతాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మన ఇళ్లలో చాలాచోట్ల చదవడం, రాయడం వచ్చింది మనకే. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఎఫ్‌సి గడువు తేదీ చూసి, గోడ మీది క్యాలెండరులో గుర్తు పెట్టండి. నాన్నకో మామకో ఒక నోటుపుస్తకం ఇచ్చి, వాళ్లు చెబుతుంటే మీరు రాయండి. మీరు ఊళ్లో లేనప్పుడు అరిగిన టైరును ఫోనులో ఫోటో తీసి యజమానికి పంపమనండి. “ముందే చెప్పాను” అని నిరూపించుకోవడానికి ఆ ఫోటో, ఆ పేజీ పనికొస్తాయి. అంతకంటే ముఖ్యంగా, చూసిన లోపం ఆ పూటే బాగుపడితే నిరూపించుకోవలసిన రోజే రాదు.