ఆంగ్లంలో లెక్కకు అందని మాటలు

సరఫరాదారుకు వ్రాసే లేఖలో ‘డ్యామేజ్’ అనవలసిన చోట ‘డ్యామేజెస్’ అని టైపు చేస్తే అర్థమే మారిపోతుంది. మొదటిది రవాణాలో యంత్రానికి కలిగిన నష్టం. రెండవది ఆ నష్టానికి రాబట్టుకొనే పరిహారం. టెండరు పత్రాలలో జాప్యానికి విధించే ‘లిక్విడేటెడ్ డ్యామేజెస్’ ఈ కోవలోనిదే. ఒక్క ‘ఎస్’ ఇంత పని చేస్తుందని తెలిసి కూడా కార్యాలయ లేఖలలో ‘ఎక్విప్‌మెంట్స్’, ‘మెషినరీస్’, ‘ఫర్నిచర్స్’, ‘ఇన్ఫర్మేషన్స్’ నిశ్చింతగా దొర్లిపోతుంటాయి.

బడిలో చదివిన నిత్య ఏకవచనాలు, నిత్య బహువచనాలు పాఠకులకు గుర్తుండే ఉంటాయి. బంగారం, నెయ్యి మొదటి తెగ. పాలు, నీళ్లు రెండవ తెగ. ‘పాలు విరిగాయి’ అంటామే గాని ‘విరిగింది’ అనము. ఆంగ్లంలో మాత్రం పాలకూ నీళ్లకూ ఏకవచన క్రియే. డెన్మార్కు పండితుడు ఒట్టో యెస్పర్సన్ 1924 నాటి తన గ్రంథంలో ఇటువంటి వాటిని ‘మాస్ వర్డ్స్’ అన్నాడు. రాశివాచకాలు అనుకోవచ్చు.

రాశిని లెక్కపెట్టము, కొలుస్తాము. గుక్కెడు నీళ్లు, చిటికెడు ఉప్పు, పిడికెడు బియ్యం. ఆంగ్లేయులు ఈ పద్ధతిని సలహాకు, సమాచారానికి, సామగ్రికి కూడా వర్తింపజేశారు. మనం చిక్కుకొనేది ఇక్కడే. మనకు సలహాలు రెండుంటాయి. వారికి ‘టూ పీసెస్ ఆఫ్ అడ్వైస్’ ఉంటాయి. వాటి ముందు ‘మెనీ’ కుదరదు, ‘మచ్’ రావాలి. మన జుట్టుకూ వెంట్రుకకూ వారికి ‘హెయిర్’ ఒక్కటే. తలమీద ఉన్నంతసేపు అది రాశి. సాంబారులో రెండు తేలితే ‘టూ హెయిర్స్’!

అర్థాన్ని బట్టి తెగ మారే మాటలూ ఉన్నాయి. ‘వర్క్’ పని అయితే ‘వర్క్స్’ కర్మాగారం. ‘స్టీల్’ రాశివాచకమే అయినా ఉక్కు రకాలను ప్రస్తావించేటప్పుడు లోహశాస్త్రజ్ఞులు ‘స్టీల్స్’ అని వ్రాయడం తప్పు కాదు.

ఈ తికమక ఆంగ్లేయులకూ తప్పలేదు. బఠాణీలకు పూర్వం వారు వాడిన మాట ‘పీజ్’. చివరి ధ్వనిని బహువచన ప్రత్యయంగా పొరబడి, 17వ శతాబ్దంలో ‘పీ’ అనే ఏకవచనాన్ని పుట్టించుకున్నారు.

పోటీ పరీక్షలకు సిద్ధమయ్యే పిల్లలున్న ఇంట ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ నిఘంటువు ఉండడం మేలు. అందులో లెక్కకు అందని నామవాచకాలకు ‘యు’ గుర్తు ఉంటుంది. ‘ఎక్విప్‌మెంట్’ పక్కన ఉన్నది ‘యు’.