వీల్యాన్‌కు పేరు పెట్టడం వచ్చా?

కొడంగల్, తాండూరు నుంచి లినక్స్ అడ్మిన్ ఇంటర్వ్యూలకు హైదరాబాద్ వెళ్తున్నారా? కిక్‌స్టార్ట్ ఫైల్ రాయడం నేర్చుకోండి. రెడ్ హ్యాట్ లినక్స్‌ను ఎన్ని సర్వర్లలోనైనా దానంతటదే ఇన్‌స్టాల్ చేయించేది ఇదే.

చిక్కు వీల్యాన్ పేరు దగ్గరే. ‘ఈఎన్ఎస్3’ కార్డు మీద 20వ నంబరు వీల్యాన్ పెడితే ‘ఈఎన్ఎస్3.20’ అన్న పేరు వస్తుంది. వేరే పేరు కావాలంటే ‘ఇంటర్‌ఫేస్‌నేమ్’ ఆప్షన్ వాడాలి. పేరులో చుక్క పెట్టినా, ‘వీల్యాన్’ అని మొదలుపెట్టినా వెనక ఆ నంబరే రావాలి. మొత్తం 15 అక్షరాలు దాటకూడదు.

ఎందుకింత పట్టింపు? ఫైర్‌వాల్ రూల్స్, స్క్రిప్టులు వెతికేది ఆ పేరునే. అది తప్పితే సర్వర్ ఆన్ అవుతుంది గానీ రూల్ పనిచేయదు.

వర్చువల్‌బాక్స్, ఆల్మాలినక్స్ ఉచితమే. మీ ఫైల్‌తో రెండుసార్లు ఇన్‌స్టాల్ చేయండి. రెండుసార్లూ అదే పేరు వస్తే ధైర్యంగా ఇంటర్వ్యూకు వెళ్లొచ్చు.