పొక్లెయిను క్యాబినులో చల్లదనము ఏల తగ్గును?

నీరింకిన చెరువులో పూడిక తీయించుటకు పంచాయతీకి దొరకు కాలము స్వల్పము. జూను మాసమున తొలకరి పడినచో యంత్రము చెరువులోనికి దిగజాలదు. తెలంగాణములో 2015లో మిషన్ కాకతీయ ఆరంభమైనప్పుడు అనేక గ్రామములలో పూడిక తీసినవి పొక్లెయినులు, జె.సి.బి.లే. ఇట్టి యంత్రములకు గంటకింత యని బాడుగ చెల్లింతుము. మే నెల మధ్యాహ్నమున ఏ.సి. పనిచేయక ఆపరేటరు దిగిపోయినచో పని నిలిచిపోవును. బలవంతముగా చేయించినచో అతని ప్రాణమునకే ముప్పు. చుట్టును అద్దములు, వెనుక ఇంజను గల ఆ చిన్న గదిలో వేడి బయటి ఎండను మించును. అద్దములు తెరచినచో దుమ్ము లోనికి వచ్చును. కావున ఏ.సి.ని విలాసముగా ఎంచుట తగదు.

ఏ.సి. చల్లబరచనిచో "గ్యాసు అయిపోయినది" అనుట పరిపాటి. ఆ మాట నమ్మి గ్యాసు నింపించుటకు ముందు దుమ్ము సంగతి చూడవలయును. ఇంజను బెల్టుతో తిరుగు కంప్రెసరు గ్యాసును అదిమి వేడిచేయును. ఆ వేడిని కండెన్సరు బయటి గాలికి విడిచిపెట్టును. పిమ్మట గ్యాసు క్యాబినులోని గొట్టములలో వ్యాకోచించి చల్లబడగా, ఫ్యాను ఆ చల్లదనమును ఆపరేటరుపైకి వీచును. చెరువు మట్టి ధూళి ఈ మార్గమును రెండు చోట్ల అడ్డగించును.

గాలి చల్లగనే యుండి, బలము లేక వచ్చుచున్నచో క్యాబిను ఫిల్టరు పూడినదని గ్రహింపవచ్చును. బయటి గాలికొకటి, లోపలి గాలికొకటి చొప్పున రెండు ఫిల్టరులు గల యంత్రములు కలవు. రెండవదానిని మరచుట కద్దు. కాగితపు ఫిల్టరును నీటితో కడుగరాదు. చినిగినచో మార్చవలసినదే.

ఉదయము చల్లగా నుండి మధ్యాహ్నమునకు చల్లదనము తగ్గినచో కండెన్సరును అనుమానింపవలయును. ఇది సాధారణముగా రేడియేటరు చెంతనే యుండును. దాని సన్నని రేకుల నడుమ మట్టి, గడ్డిపరకలు చేరినచో వేడి బయటికి పోదు. బకెట్టును నేలకు దించి, ఇంజను ఆపి, తాళపుచెవి తీసిన తరువాతనే శుభ్రపరుపవలయును. గాలి వచ్చు దిక్కునకు ఎదురుగా, తక్కువ ఒత్తిడితో ఊదవలయును. ఒత్తిడి హెచ్చినచో రేకులు వంగిపోవును. పూడికతీత జరుగు దినములలో ఈ పని ప్రతిదినము చేయించుట మంచిది.

గాలి బలముగా వచ్చియు చల్లగా లేనిచో కంప్రెసరు వైపు చెవి యొగ్గవలయును. ఏ.సి. మీట వేసినంతనే "టక్కు" మను శబ్దము రావలయును. రానిచో ఫ్యూజును, తీగలను చూడవలయును. బెల్టు వదులైనదా యనునదియు చూడవలెను. గ్యాసు మిక్కిలి తగ్గినను రక్షణ స్విచ్చి కంప్రెసరును తిరుగనీయదు. ఇవి యన్నియు సరిగా నున్నను వెచ్చని గాలి వచ్చుచున్నచో హీటరు వాల్వు పూర్తిగా మూసికొనుటలేదేమో పరీక్షింపవలయును. హీటరు గల యంత్రములలో ఇంజను వేడినీరు లోనికి ప్రవహించి చల్లదనమును హరించును. పలువురు మెకానికులు సైతము దీనిని చివరకుగాని తలపరు!

గ్యాసు ఊరక ఖర్చు కాదు. తగ్గినదనిన ఎచ్చటనో కారినదన్నమాట. గొట్టముల అతుకుల వద్ద నూనె జిడ్డుతో దుమ్ము అంటియున్నచో ఆ తావును అనుమానింపవలయును. కారుట ఆపక నింపిన గ్యాసు మరల పోవును. బాడుగ గంటలును దానితోపాటే పోవును. ఈ పని తగిన పరికరములు గల మెకానికే చేయవలయును. ఒత్తిడితో చిమ్మిన ద్రవము కన్నుకు, చర్మమునకు హాని చేయును. యంత్రముపై వ్రాసిన గ్యాసునే, వ్రాసిన తూకము మేరకే నింపవలయును. ఎక్కువైనను చల్లదనము తగ్గును. వంటగ్యాసు నింపనిచ్చుట ప్రమాదకరము.

బాడుగ కుదుర్చుకొనునాడే ఎండవేళ యంత్రమును నడిపించి ఏ.సి.ని పరీక్షింపుడు. మరమ్మతుకై ఆగిన గంటలకు బాడుగ ఎవరు భరింపవలయునో ఒప్పందములో వ్రాయించుడు. ఆపరేటరు తడబడి మాటలాడినను, స్పృహ తప్పినను నీడకు చేర్చి, ఒడలు తడిపి, విసరుచు, 108కి ఫోను చేయవలయును. ఏ.సి. బాగగువరకు పనిని తెల్లవారుజామునకును, సాయంకాలమునకును మార్చుకొనవచ్చును.