సంగం జాగర్లమూడి పరిసరాలలో కాలినడక దారులు

సంగం జాగర్లమూడి గుంటూరు జిల్లా, తెనాలి మండలానికి చెందిన గ్రామం. ఇది కృష్ణా పశ్చిమ డెల్టాలో ఉన్నది. గ్రామం చుట్టూ ఉన్న భూమి దాదాపు సమతలం. అందువలన కాలువ గట్లు, పొలాల డొంకలు, పల్లెలను కలిపే బాటల వెంట వృద్ధులు, పిల్లలు కూడా సులభంగా నడవగలరు. ఈ దారులు విహారం కొరకు ఏర్పడినవి కావు. సాగునీటి నిర్వహణకు, పశువులను తోలుకొని పోవుటకు, పంటను ఇంటికి చేర్చుటకు ఏర్పడినవి. నేటికీ వాటి ప్రధాన ప్రయోజనం అదే.

ఉనికి, ప్రయాణ సౌకర్యాలు

గ్రామానికి తూర్పున తెనాలి సుమారు 7 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. వాయవ్యాన గుంటూరు, నైఋతి దిశలో వడ్లమూడి, చేబ్రోలు, ఈశాన్యాన దుగ్గిరాల ఉన్నాయి. గుంటూరు - తెనాలి రైలు మార్గంలో గ్రామం పేరు మీదనే స్టేషను కలదు. ఒకవైపు వేజెండ్ల, మరొకవైపు అంగలకుదురు దీనికి పొరుగు స్టేషన్లు. ఈ మార్గం గుంటూరు - రేపల్లె మార్గంలో భాగంగా మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే వారిచే 1916లో నిర్మించబడినది. స్టేషనులో దిగినవారు వేరే వాహనం లేకుండానే నడక ప్రారంభించవచ్చు.

కాలువలు - గట్లు

ఈ ప్రాంతపు దారులను అర్థం చేసుకొనుటకు ముందుగా కాలువల అమరికను తెలుసుకోవాలి. విజయవాడ వద్ద కృష్ణానదిపై 1855లో ఆనకట్ట పూర్తయినది. దాని స్థానంలో నిర్మించిన ప్రకాశం బ్యారేజి 1957లో ప్రారంభమైనది. బ్యారేజి కుడివైపున సీతానగరం వద్ద బయలుదేరే ప్రధాన కాలువ దుగ్గిరాల వద్ద అనేక శాఖలుగా చీలుతుంది. వాటిలో కొమ్మమూరు కాలువ నైఋతి దిశగా ప్రవహించి ప్రకాశం జిల్లా సరిహద్దు ప్రాంతంలోని పెదగంజాం వద్ద బకింగ్‌హామ్ కాలువను కలుస్తుంది. సంగం జాగర్లమూడి ఈ కొమ్మమూరు కాలువ మీద ఉన్న గ్రామం. గుంటూరు నగరానికి నీరందించే పథకాలలో ఒకటి ఇచ్చటి నుండే నడుస్తున్నది.

పూర్వం ఈ కాలువలు నీటి రహదారులు కూడా. ధాన్యం, ఉప్పు, వంటచెరకు పడవల మీద రవాణా అయ్యేవి. గాలి అనుకూలించనప్పుడు పడవవారు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగేవారు. అనగా గట్టు మొదటి నుండి నడిచే దారి కూడా. 2008లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన 4వ జాతీయ జలమార్గంలో కొమ్మమూరు కాలువను 113 కిలోమీటర్ల మేర చేర్చారు.

సాగునీటి కాలువలను ఎత్తైన నేల మీదుగా, మురుగు కాలువలను పల్లపు నేల మీదుగా త్రవ్వుతారు. నీరు తనంతట తానే పొలాలకు పారుటకు, మిగిలినది పల్లానికి పోవుటకు ఈ ఏర్పాటు. నడిచేవారికి దీనివలన రెండు లాభాలు. వర్షం వెలిసిన తరువాత డొంకలన్నీ బురదమయమైనా కాలువ గట్టు త్వరగా ఆరుతుంది. ఎత్తు మీద ఉన్నందున ఇరువైపులా పొలాలు చాలా దూరం కనిపిస్తాయి. దిక్కు తెలియనప్పుడు నీటి ప్రవాహమే గుర్తు. నీటికి ఎదురుగా నడిస్తే దుగ్గిరాల వైపు, నీటితోపాటు నడిస్తే చేబ్రోలు వైపు పోతున్నట్లు లెక్క.

నడక దారులు

ఆలయం వరకు: గ్రామంలోని సంగమేశ్వరస్వామి ఆలయం ఈ ప్రాంతంలో పేరుపొందిన శివాలయం. కార్తీకమాసంలోను, మహాశివరాత్రికి భక్తులు విశేషంగా వస్తారు. గ్రామ వీధుల గుండా ఆలయం చూసి, కాలువ ఒడ్డుకు వెళ్ళి తిరిగి వచ్చుట అన్నిటికంటె చిన్న నడక. కొత్తవారు దీనితో ప్రారంభించుట మేలు.

కాలువ గట్టు వెంట: ఉదయం పూట గట్టు వెంట అరగంట ముందుకు నడిచి, అదే దారిన వెనుకకు రావచ్చు. దారి తప్పే అవకాశం దాదాపు లేదు. గట్ల మీద తుమ్మ, వేప, కానుగ, తాటి చెట్లు కనిపిస్తాయి. మధ్యలో కనిపించే తూములు పొలాల బోదెలకు నీటిని వదులుటకు ఉద్దేశించినవి. వాటి తలుపులను ఇతరులు ముట్టుకొనరాదు.

డొంకల వెంట: గ్రామం నుండి పొలాలలోనికి పోయే బండిదారిని డొంక అంటారు. అంగలకుదురు వైపు, వడ్లమూడి వైపు పొలాలలో ఇటువంటివి ఉన్నాయి. కొన్ని డొంకలు మరొక ఊరికి చేరుతాయి, కొన్ని పొలాల మధ్యనే ఆగిపోతాయి. కాబట్టి ముందుగా పొలంలో ఉన్న రైతులను అడిగి వెళ్ళవలెను. వరిగడ్డి వాములు, కళ్ళాలు, పంపుసెట్లు, పశువుల పాకలు ఈ దారిలో కానవస్తాయి.

వడ్లమూడి, చేబ్రోలు వైపు: కొంచెం ఎక్కువ దూరం నడవదలచినవారు వడ్లమూడి వరకు పోవచ్చు. సంగం డెయిరీ, విజ్ఞాన్ విశ్వవిద్యాలయం ఇక్కడనే ఉన్నాయి. సమతల ప్రాంతంలో ఇక్కడి చిన్న కొండ ప్రత్యేకంగా కనిపిస్తుంది. అక్కడి నుండి చేబ్రోలుకు బస్సులోగాని ఆటోలోగాని పోవుట అనువు. చేబ్రోలులో కోనేటి మధ్య ఉన్న చతుర్ముఖ బ్రహ్మ ఆలయాన్ని రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు నిర్మించాడు. ఇక్కడి భీమేశ్వరాలయం వద్ద 2018లో బయటపడిన సంస్కృత శాసనం శాతవాహన రాజు విజయుని ఐదవ పాలనా సంవత్సరానికి, అనగా సా.శ. 207కు చెందినది. దక్షిణ భారతదేశంలో కాలనిర్ణయం జరిగిన సంస్కృత శాసనాలలో ఇది అత్యంత ప్రాచీనమైనదని భారత పురావస్తు శాఖ 2019లో ప్రకటించింది. సప్తమాతృకల ఆరాధనను తెలిపే శాసనాలలో కూడా ఇదే మొదటిదని భావిస్తున్నారు.

ఋతువులు - పంటలు

ఈ దారులు సంవత్సరమంతా ఒకే తీరుగా ఉండవు. జూన్, జూలై నెలలలో కాలువలకు నీరు వదిలిన తరువాత వరి నారుమళ్ళు మొదలవుతాయి. గోదావరి నీరు పట్టిసీమ ఎత్తిపోతల పథకం ద్వారా కృష్ణా డెల్టాకు చేరడం మొదలైన తరువాత, కృష్ణలో వరద రాకముందే నీరు వదలడానికి వీలు కలిగినది. జూలై, ఆగస్టులలో నాట్లు పడతాయి. అప్పుడు రేగడి నేల జిగురుగా మారి డొంకల మీద నడక కష్టమవుతుంది. అక్టోబరు, నవంబరు నెలలలో తుఫాను వర్షాలు వచ్చే అవకాశం ఉన్నది. నవంబరు చివరి నుండి ఫిబ్రవరి వరకు నడకకు అన్నివిధాల అనువైన కాలం.

ఈ కాలంలో ఒక విషయం గమనించాలి. డెల్టా రైతులు వరి కోతకు కొద్దిరోజుల ముందే, పైరు నిలిచి ఉండగానే మినుము, పెసర విత్తనాలు చల్లుతారు. నేలలో మిగిలిన తేమతోనే అవి పెరుగుతాయి. కోత ముగిసిన తరువాత పొలంలో వరి మోళ్ళు మాత్రమే కనిపించినా, వాటి మధ్య మినుము మొలకలు ఉంటాయి. ఖాళీ చేను అని భావించి అడ్డంగా నడిస్తే రెండవ పంట పాడవుతుంది. మినుముకు బదులు మొక్కజొన్న వేసే రైతులు కూడా దుక్కి దున్నకుండా వరి మోళ్ళ మధ్యనే విత్తనం పెడతారు.

మార్చి తరువాత ఎండ తీవ్రమవుతుంది. ఏప్రిల్, మే నెలలలో సాధారణంగా సాగునీరు నిలిపివేస్తారు. ఆ కాలంలో తెల్లవారుజామున తప్ప నడక మంచిది కాదు.

పక్షులు

దమ్ము చేసిన మడులలో తెల్లకొంగలు గుంపులుగా తిరుగుతాయి. తీగల మీద పాలపిట్టలు, కాలువ ఒడ్డున లకుముకి పిట్టలు, తాటాకులకు వేలాడే గిజిగాడి గూళ్ళు సాధారణంగా కనిపిస్తాయి. గుంటూరు సమీపాన ఉన్న ఉప్పలపాడు చెరువులలో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కట్టుకుంటాయి. అచ్చటి పక్షులకు చుట్టుప్రక్కల డెల్టా పొలాలు, కాలువలు మేత భూములు.

జాగ్రత్తలు

* కాలువ నిండుగా పారేటప్పుడు ఒడ్డు జారుతుంది. లోతు పైకి తెలియదు కనుక స్నానానికి, ఈతకు దిగరాదు.
* నాగుపాము, కట్లపాము, రక్తపింజరి పొలాలలో సంచరిస్తాయి. చీకటిలో నడవరాదు. గడ్డి మీద నడిచేటప్పుడు బూట్లు ధరించాలి. పాము కరిస్తే నాటువైద్యంతో కాలం గడపక వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.
* పురుగుమందు చల్లుతున్న చేను ప్రక్క నుండి పోరాదు.
* రైలు పట్టాల వెంట నడుచుట ప్రమాదకరం, చట్టరీత్యా నేరం.
* మంచినీటి పథకం ఆవరణలోనికి అనుమతి లేకుండా ప్రవేశించరాదు.

డొంకల పరిరక్షణ

డొంకలు ఎవరి సొంత ఆస్తి కావు. ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం, 1994 ప్రకారం బండిదారులు, పశువుల మేతభూములు, కళ్ళాలు మొదలైన పోరంబోకు భూములు గ్రామ పంచాయతీకి దఖలుపడి ఉంటాయి. కాలువ గట్లు జలవనరుల శాఖ అధీనంలో ఉంటాయి. డెల్టాలో భూమి విలువ ఎక్కువ కావడం చేత, ప్రక్క చేల గట్లు ఏటా కొద్దికొద్దిగా జరిగి డొంకలు సన్నబడుట అనేక గ్రామాలలో ఉన్న సమస్య. దీని నష్టం మొదట తగిలేది లోపలి పొలాల రైతులకే. ఎడ్లబండి పట్టే దారిలో వరికోత యంత్రం పట్టదు. దారి మూసుకొని పోతే ముందు చేను కోత అయ్యేవరకు వెనుక చేను రైతు ఆగవలసి వస్తుంది. ఈలోగా తుఫాను వస్తే చేతికి వచ్చిన పంట నీటి పాలవుతుంది. కూలికి పోయే స్త్రీలు, పశువులను మేపేవారు చుట్టు తిరిగి పోవలసి ఉంటుంది.

రాష్ట్రంలో 2020 డిసెంబరులో భూముల రీసర్వే మొదలైనది. డొంకల సరిహద్దులు సరిగా గుర్తించి రాళ్ళు పాతినచో వాటిని కాపాడుకొనుట సులభమవుతుంది. జనసంచారం ఉన్న దారిని ఆక్రమించుట కష్టం. ముళ్ళకంపలు పెరిగి వాడుక తప్పిన దారి త్వరలోనే చేనులో కలిసిపోతుంది.