విడాకులైపోయాయి... మరి నా బంగారం, సర్టిఫికెట్లు ఎలా తెచ్చుకోవాలి?

విడాకులు వచ్చేశాయి. కానీ నగలు, బీటెక్ సర్టిఫికెట్లు, చివరికి అమ్మమ్మ ఇచ్చిన ఇత్తడి బిందె కూడా ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నాయి. ఫోన్ చేస్తే ఎత్తరు. కొత్త ఉద్యోగంలో జాయినింగ్ డేట్ దగ్గరపడుతుంటే ఒరిజినల్ మెమోలు అడుగుతారు. అప్పుడేం చేయాలి? ఈ ఎపిసోడ్ దాని గురించే. నేను లాయర్ని కాదు, ఇంజినీర్ని. దారి చెప్తాను, మీ కేసు మాత్రం లాయర్‌కి చూపించండి.

ముందు స్త్రీధనం అంటే ఏంటో చూద్దాం. పెళ్లికి ముందు, పెళ్లిలో, ఆ తర్వాత కూడా అమ్మాయికి పుట్టింటివాళ్లు, అత్తింటివాళ్లు, ఫ్రెండ్స్ ఇచ్చిన నగలు, డబ్బు, వస్తువులు. ఇవి ఇద్దరి ఉమ్మడి ఆస్తి కాదు, పూర్తిగా ఆమెవే. 1985లో ప్రతిభా రాణి కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది. లాకర్ భర్త పేరు మీదున్నా, తాళాలు అత్తగారి దగ్గరున్నా, వాళ్లు దాచిపెట్టినవాళ్లే తప్ప ఓనర్లు కాదు. అడిగినా ఇవ్వకుండా సొంతం చేసుకుంటే అది నేరపూరిత నమ్మకద్రోహం. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 316వ సెక్షన్, ఐదేళ్ల దాకా జైలు పడొచ్చు.

"అప్పుల్లో ఉన్నప్పుడు వాడేశాం" అంటారా? కష్టంలో వాడుకున్నా తిరిగి ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు 2024లో చెప్పింది. ఆ కేసులో భార్యకి 25 లక్షలు ఇప్పించింది కూడా.

ఇంకో ముఖ్యమైన విషయం, మన తెలంగాణ నుంచే వెళ్లిన కేసు. అమెరికాలో విడాకులైన కూతురి నగల కోసం ఇక్కడ తండ్రి కేసు పెట్టారు. 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కారణం సింపుల్: స్త్రీధనం కూతురిది, ఆమె అధికారం ఇవ్వకుండా నాన్న కూడా అడగలేడు. కాబట్టి అడగాల్సింది మీరే.

సరే, ఇప్పుడు చేయాల్సిన పని.

ఒకటి, లిస్టు రాయండి. ఏ వస్తువు, ఎన్ని గ్రాములు, ఎవరిచ్చారు, ఎక్కడుంది. పక్కనే పెళ్లి ఫొటోలు, షాపు బిల్లులు పెట్టుకోండి. "నీ గొలుసు మా దగ్గరే ఉంది" అని వచ్చిన వాట్సాప్ మెసేజ్ ఉంటే చాట్ డిలీట్ చేయొద్దు, ఆ ఫోన్ అమ్మేయొద్దు. స్క్రీన్‌షాట్ ఒక్కటే సరిపోదు, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కోర్టులో సర్టిఫికెట్ కావాలి.

రెండు, రాతపూర్వకంగా అడగండి. ముందు మెసేజ్, తర్వాత లాయర్ నోటీసు. చాలాసార్లు పెద్దమనుషుల ముందు లిస్టు చూసి, సంతకాలు పెట్టి ఇచ్చేస్తారు. తీసుకునేటప్పుడు వీడియో తీయండి. అంతేగానీ తాళం పగలగొట్టి లోపలికి వెళ్తే కేసు మీ మీదకి తిరుగుతుంది.

మూడు, కోర్టు. కాపురంలో హింస జరిగి ఉంటే, 2005 గృహహింస చట్టం 19(8) కింద స్త్రీధనం తిరిగి ఇవ్వమని మెజిస్ట్రేట్ ఆదేశించొచ్చు. విడాకులైనంత మాత్రాన ఆ దారి మూసుకుపోదు. ఫ్యామిలీ కోర్టులో ఆస్తి దావా కూడా వేయొచ్చు. ఆ దావా అబ్బాయిలకీ ఉంది బాస్. మీ ల్యాప్‌టాప్, మీ నాన్నగారి వాచీ ఆమె దగ్గర ఉండిపోతే మీరూ అడగొచ్చు. ముస్లిం మహిళలకి 1986 చట్టంలో పెళ్లినాటి వస్తువులు అడిగే హక్కు విడిగా ఉంది.

లాయర్ ఫీజుకి డబ్బుల్లేవా? ఆదాయంతో సంబంధం లేకుండా మహిళలందరికీ ఉచిత న్యాయసహాయం ఉంది. 15100కి కాల్ చేయండి. హింస ఉంటే 181.

ఇంకా విడాకుల ప్రాసెస్‌లోనే ఉన్నవాళ్లకి ఒక్క మాట. పరస్పర అంగీకార ఒప్పందంలో "ఇక ఒకరికొకరు ఏమీ బాకీ లేదు" అని ఒక లైన్ ఉంటుంది. త్వరగా వదిలించుకుందామని చదవకుండా సంతకం పెట్టేస్తారు. తర్వాత బంగారం అడిగితే ఆ లైనే అడ్డొస్తుంది. వస్తువుల లిస్టు, ఇచ్చే తేదీ ఒప్పందంలోనే రాయించండి. వస్తువులు చేతికొచ్చాకే ఆ లైన్‌కి ఒప్పుకోండి.

ఈ పరిస్థితిలో మీ ఫ్రెండ్ ఎవరైనా ఉంటే ఈ ఎపిసోడ్ పంపండి.